పెద్దల చదువు పక్షం రోజుల్లోనే ఎందుకు ఆగిపోతోంది: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

వయోజన విద్యాకేంద్రాల్లో పాఠాలు చెబుతూ, వాలంటీర్లకు శిక్షణ ఇస్తున్న మేం రాస్తున్న లేఖ ఇది. కేంద్ర ప్రభుత్వ వయోజన అక్షరాస్యతా కార్యక్రమం ‘ఉల్లాస్’ కింద పదిహేనేళ్లు దాటినవారి పేర్లు యాప్‌లో ఎక్కించడంపై ఉన్న శ్రద్ధ, వాళ్లు ఎందుకు మానేస్తున్నారన్న దానిపై కనిపించడం లేదు.

అక్షరాస్యత శాతం పెంచడానికి ఎవరూ పలక పట్టరు. బ్యాంకులో వేలిముద్ర వేయడం నామోషీ అని వస్తారు. డ్వాక్రా పుస్తకంలో తన పేరు మీద ఎంత అప్పు రాశారో తానే చూసుకోవాలని వస్తారు. పేరు నమోదు చేసుకునేటప్పుడే ‘మీకు ఏం చదవడం రావాలి?’ అని అడిగి రాసుకోమనండి. నేర్చుకోవడానికి వచ్చినామె ఏ కాగితం చదవాలనుకుంటుందో, అందులో కనీసం రెండు మాటలైనా మొదటి పక్షంలోనే ఆమె చేత చదివించాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను సారాపై పోరాటానికి కదిలించింది అక్షరాస్యతా వాచకంలోని సీతమ్మ కథ. అది వాళ్ల ఇళ్లలో జరుగుతున్న కథే.

మా కేంద్రాల్లో ఎక్కువగా జరుగుతున్నది వేరు. అ, ఆ నుంచి క్షకారం దాకా వర్ణమాల, ఆపైన గుణింతాలు, చివర్న ఒత్తులు. ఙ, ఞ దిద్దించే వేళకు సగం మంది కనిపించరు. ర, ల, త, ప, క, న, గ, వ ముందు నేర్పితే నాలుగైదు రోజుల్లోనే తల, వల, పలక, నగ, కల చదివేస్తారు. వ, మ ఒకేరోజు చెప్పకూడదు. ప, ష, ఫ కూడా అంతే. ఒకటి కుదురుకున్నాకే దాని పోలిక ఉన్న అక్షరం. పేరుతో మొదలుపెట్టడం మంచిదే గానీ, రమణకు సులువైనది లక్ష్మికి కాదు. మొదటి రోజే ఒత్తు మీద ఒత్తు. అలాంటివారికి ఊరి పేరో, ఇంటిపేరో చూసుకోవాలి.

వాలంటీర్లు ‘మందబుద్ధి’ అనుకునేవారిలో చాలామందికి ఉన్నది చత్వారం. నలభై దాటితే దగ్గరి అక్షరం అలుక్కుపోతుంది. తరగతి మొదలుకాకముందే ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) సాయంతో చూపు పరీక్ష చేయించి, అవసరమైనవారికి రీడింగ్ గ్లాసులు ఇప్పించండి. వాచకం అచ్చు కూడా పెద్దదిగా ఉండాలి.

లెక్కల్లో ‘రెండూ మూడూ ఎంత’ అని అడగడం వాళ్లను చిన్నబుచ్చడమే. నూటికి రెండు రూపాయల వడ్డీని నోటితో కట్టగలిగిన మనిషి ఆమె. తడబడేది కాగితం మీద. ‘రెండు వేల అయిదు’ను 20005 అని రాస్తుంది, ఎందుకంటే విన్నట్టే రాస్తోంది. వేల, వందల, పదుల, ఒకట్ల గళ్లు గీసి, వాటిలో నోట్లు పెట్టి చూపిస్తే రెండు మూడు రోజుల్లో సరిపోతుంది.

పదిమందిలో తప్పు దిద్దితే మర్నాడు రారు. అత్తాకోడళ్లను ఒకే జట్టులో కూర్చోబెడితే ఇద్దరూ నోరు విప్పరు (ఇది ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండదు). వాలంటీరు అమ్మా, పిన్నీ అని పిలవాలి, పేరు పెట్టి కాదు.

ఇక ఉల్లాస్ చివర్న పెట్టే పరీక్ష. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కొక్కటి 50 మార్కులు, మొత్తం 150. మార్చిలో పెడితే అది మిరప కోతల కాలం. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు వైపు వలస పోయి ఉంటాయి. వాళ్లు పనిచేస్తున్న ఊరి బడిలోనే పరీక్ష రాసే వీలు కల్పించండి. తరగతుల వేళలు కూడా జిల్లాకొక ఉత్తర్వుతో కాకుండా ఊరి పంటను బట్టి ఉండాలి. నాట్ల నెలలో వారానికి రెండు రాత్రులు నడిచినా చాలు.

సర్టిఫికెట్ వచ్చాక చదివే అవసరం లేకపోతే కొన్ని నెలల్లోనే అక్షరం జారిపోతుంది. సంఘం తీర్మానాల పుస్తకంలో ప్రతి సమావేశానికీ ఒక పేరా కొత్తగా చదువుకున్న సభ్యురాలే రాసేలా చూడండి, తప్పులున్నా సరే. ఇంకా చదువుతామనేవారికి సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) పదో తరగతి ఉంది. నమోదు గడువు ఉన్నంతవరకు పాసైన సబ్జెక్టులు పోవు, మిగిలినవే మళ్లీ రాస్తే చాలు. ఈ సంగతి కేంద్రాల్లో ఎవరూ చెప్పడం లేదు. దరఖాస్తు నింపడానికి మండలానికి ఒక మనిషిని పెట్టి, డ్వాక్రా మహిళలకు పరీక్ష ఫీజు మాఫీ చేయమని కోరుతున్నాం.

ఇట్లు,
వయోజన విద్యా బోధకులు, శిక్షకులు