నడుస్తోంది సరే, భద్రమేనా?

సంపాదకులకు,

విండోస్ 7 మొరాయించకుండా నడుస్తోంది కదా, మార్చడమెందుకని వాదించేవారు ఇంకా ఉన్నారు. నడవడం నిజమే. కానీ 2020 జనవరి 14తో దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. యాంటీవైరస్ తెలిసిన వైరస్‌ను పట్టుకుంటుందేమో గానీ సిస్టమ్‌లోని కన్నాన్ని పూడ్చలేదు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్ ఎస్‌ఎంబీ1 (విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) లోపాన్ని వాడుకుని 445 పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) గుండా, ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. విండోస్ 7కు ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్ (సవరణ అప్‌డేట్) మార్చిలోనే వచ్చింది! వేసుకోనివారే దెబ్బతిన్నారు.

పాత స్కానర్ కోసమో, ల్యాబ్ యంత్రం కోసమో విండోస్ 7 తప్పదంటే నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపండి. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) లాన్‌మాన్‌సర్వర్ పారామీటర్స్ అనే విభాగం కింద ఎస్‌ఎంబీ1 విలువ 0 పెట్టి రీస్టార్ట్ చేయండి. పెన్‌డ్రైవ్‌ను ముందు వేరే కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేశాకే పెట్టండి. బ్యాంకు పనులు మాత్రం అందులో వద్దే వద్దు.

- ఒక పాఠకుడు, వరంగల్