కుడి సీటులో కూర్చోబోతున్న నా బిడ్డకు

నల్లగొండ,
ఆదివారం

బిడ్డా,

మొన్న ఫోన్‌లో "నాయినా, ఇంక టెన్షన్ పడకు. ఇది ఒకే ఇంజన్ సెస్నా కాదు, రెండు ఇంజన్ల కింగ్ ఎయిర్. ఒక ఇంజన్ ఆగినా ఇంకోటి ఉంటది" అన్నావు. నాకు ధైర్యం చెప్పడానికే అన్నావని తెలుసు. ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ వాడకట్టంతా మిఠాయి పంచింది, నాకూ కడుపు నిండింది. కానీ ఆ ఒక్క మాట మాత్రం మింగుడుపడలేదు. ఫోన్‌లో చెప్పబోతే "మళ్లీ మొదలుపెట్టావా" అని నవ్వేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా, తీరికగా చదువు.

2022 ఫిబ్రవరిలో మన పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర శిక్షణ విమానం పొలాల్లో కూలి, అందులో ఒక్కతే ఉన్న ట్రైనీ పైలట్ చనిపోయింది. నీ ఈడు పిల్ల. నువ్వు అప్పటికే పైలట్ అవుతానని పట్టుబట్టి ఉన్నావు. విమాన ప్రమాదాల దర్యాప్తు రిపోర్టులు చదవడం నేను అప్పుడు మొదలుపెట్టా. చదివింది డిప్లొమానే అయినా, బతుకంతా బస్సుల కింద పడుకుని బోల్టులు బిగించినవాడిని కాబట్టి వాటి పద్ధతి నాకు పట్టుబడింది. ఏ భాగం, ఎవరు విప్పారు, ఎవరు బిగించారు, ఎవరు సంతకం పెట్టారు, ఆ క్షణాన ఎవరి చెయ్యి ఎక్కడ ఉంది. ఇవన్నీ వరుసగా రాస్తారు.

ఎత్తు మీద, వేగం మీద ఉన్నప్పుడు నువ్వన్నది నిజమే. ఒక ఇంజన్‌తోనే నిదానంగా ఏదో ఒక రన్‌వే చేరుకోవచ్చు. చిక్కంతా నేల వదిలిన మొదటి నిమిషంలో. జోడెడ్ల బండికి ఒక ఎద్దు కూలబడితే, రెండోది ఎంత గట్టిగా లాగితే బండి అంత జోరుగా కూలిన ఎద్దు వైపుకే తిరుగుతుంది. విమానమూ అంతే. ఆ తిరుగుడును ఆపాల్సింది తోక మీది నిలువు పలక, రడ్డర్, రడ్డర్‌కు బలం ఇచ్చేది వేగంగా తగిలే గాలి. మీ కింగ్ ఎయిర్ బి200కు ఆ కనీస వేగం 86 నాట్స్ (గంటకు సుమారు 160 కిలోమీటర్లు) అని మాన్యువల్‌లోనే ఉంది. వేగం అంతకన్నా పడిపోతే రడ్డర్ పెడల్ చివరిదాకా తొక్కినా ముక్కు నిలవదు, ఆగిన ఇంజన్ వైపు ఒరిగి బోర్లా పడుతుంది. ఆగిన ఇంజన్ ప్రొపెల్లర్‌ను ఫెదర్ చేయకపోతే, అంటే దాని రెక్కల అంచు మాత్రమే గాలికి తగిలేలా తిప్పకపోతే, అది గాలికి తిరుగుతూ విమానాన్ని ఇంకా వెనక్కి లాగుతుంది. ఇదంతా నువ్వు పరీక్షలు రాసి వచ్చిన చదువే.

నేను చెప్పేది వేరే. సెస్నా ఇంజన్ ఆగితే పైలట్‌కు ఒకటే ఆలోచన. ముక్కు దించాలి, ఎదురుగా ఏ పొలమో చూసుకోవాలి. రెండు ఇంజన్ల దాంట్లో అంతకుముందు లేని ప్రశ్న ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఆగింది ఏది? ఈ ప్రశ్నకు రెండు మూడు క్షణాల్లో, నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులో జవాబు చెప్పాలి. ఆ జవాబు తప్పితే రెండో ఇంజన్ ఉండి కూడా లాభం లేదు.

2019 జూన్ 30న అమెరికాలో టెక్సస్ రాష్ట్రం అడిసన్‌లో ఒక కింగ్ ఎయిర్ 350 లేచిన కొన్ని క్షణాలకే ఎడమ ఇంజన్ బలం తగ్గింది. తొక్కాల్సింది కుడి పెడల్. మొదట ఎడమ పెడల్ తొక్కినట్టు దర్యాప్తులో తేలింది. హ్యాంగర్ మీద పడింది, ఉన్న పది మందీ పోయారు. దానికి రెండేళ్ల ముందు, 2017 ఫిబ్రవరి 21న, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దగ్గరి ఎసెండన్‌లో కూలిన బి200కైతే ఇంజన్ల జబ్బే లేదు. పెడల్ తొక్కకుండానే రడ్డర్‌ను ఒక పక్కకు పట్టి ఉంచే రడ్డర్ ట్రిమ్ పూర్తిగా ఎడమకు తిరిగి ఉంది. పైలట్ వేల గంటల అనుభవం ఉన్న మనిషి. ట్రిమ్ చూడమని చెక్‌లిస్టులో ఒకటికి నాలుగుసార్లు ఉంటుంది. చూడకుండానే పరుగు మొదలైంది, లేచింది, పక్కనున్న షాపింగ్ సెంటర్ మీద పడింది. అయిదుగురు చనిపోయారు. నువ్వు రేపు తిప్పబోయే ట్రిమ్ అదే, చదవబోయే చెక్‌లిస్టు అదే.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ పట్టి కుదిపింది తైపీ ప్రమాదం. 2015 ఫిబ్రవరి 4. మీ విమానం కన్నా చాలా పెద్దది, ఏటీఆర్ 72, అయితే అదీ ప్రొపెల్లర్లు తిప్పే రెండు టర్బోప్రాప్ ఇంజన్లదే. ట్రాన్స్‌ఏషియా వాళ్ల విమానం లేచిన నిమిషం లోపే కుడి ఇంజన్ హెచ్చరిక మోగింది. నిజానికి ఆ ఇంజన్‌కు ఏమీ కాలేదు. ఇంజన్ ఆగితే ప్రొపెల్లర్‌ను ఫెదర్ చేసే ఆటోఫెదర్ యూనిట్‌లో కనెక్షన్ సరిగా లేక, ప్రొపెల్లర్ తనంతట తానే ఫెదర్ అయింది. అంటే కుడి వైపు లాగుడు పోయింది, ఎడమ ఇంజన్ బ్రహ్మాండంగా నడుస్తోంది. కెప్టెన్ "ఒకటో ఇంజన్ థ్రాటిల్ తగ్గిస్తున్నా" అన్నాడు. ఒకటో ఇంజన్ అంటే ఎడమది, బాగున్నది.

ఇక్కడే ఆగి చదువు, బిడ్డా. పక్క సీటులో ఉన్నది కూడా కెప్టెనే. ఆయన ఊరుకోలేదు. "ఒక్క క్షణం ఆగు, సరిచూద్దాం" అన్నాడు. కాక్‌పిట్ రికార్డర్‌లో ఆ మాట ఉంది. సరైన మాట, సరైన సమయంలోనే అన్నాడు. కానీ లివర్ మీది చెయ్యి ఆగలేదు, ఈయన మళ్లీ గట్టిగా ఆపలేదు. బాగున్న ఇంజన్‌ను తగ్గించి, చివరికి ఆపేశారు. తప్పు వైపు థ్రాటిల్ లాగానని ఆ కెప్టెన్‌కు తెలిసేసరికి ఎత్తు మిగల్లేదు. ఫ్లైఓవర్ మీద వెళ్తున్న ట్యాక్సీని రెక్క కొట్టుకుంటూ పోయి నదిలో పడింది. 58 మందిలో 43 మంది పోయారు. ఆ కెప్టెన్ ముందు ఏడాది సిమ్యులేటర్ పరీక్షలో తప్పాడనీ, టేకాఫ్‌లో ఇంజన్ ఆగితే ఏం చేయాలన్న దగ్గరే తడబడ్డాడనీ రిపోర్టులో రాశారు.

నువ్వు రేపు కూర్చునేది కుడి సీటులో, కో-పైలట్‌గా. పక్కన ఉండేది ఇరవై ఏళ్లు ఎక్కువ అనుభవం ఉన్న సార్, చాలామంది ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చినవాళ్లని నువ్వే చెప్పావు. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పొద్దని చిన్నప్పటి నుంచి నీకు నేర్పింది మేమే. ఇంట్లో అది మంచిదే. అక్కడ మాత్రం ఆయన చెయ్యి తప్పు లివర్ మీదికి పోతుంటే "ఆగండి సార్, ఒకసారి చూద్దాం" అని ఒకసారి అని ఊరుకోవద్దు. చెయ్యి ఆగేదాకా అనాలి. ఆగకపోతే నీ చెయ్యి అడ్డం పెట్టాలి. ఆయనకు కోపం వస్తే రానీ, నేలమీద దిగాక కాళ్లు పట్టుకుందువు గానీ.

ఆ మాట నీకూ వర్తిస్తుంది. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో 72 మంది పోయిన సంగతి టీవీలో చూశాం, అందులో అయిదుగురు మన దేశం వాళ్లు. దిగబోతూ ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు) దించమన్నారు. పక్క పైలట్ ఫ్లాప్ లివర్ అనుకుని పక్కనే ఉన్న కండిషన్ లివర్లు రెండూ లాగి ప్రొపెల్లర్లను ఫెదర్ చేశాడు. లివర్ జరిగింది కాబట్టి పని అయిపోయిందనుకున్నారు, ప్రొపెల్లర్లు ఫెదర్ అయ్యాయని ఎవరూ గమనించలేదు. ఇంజన్లలో బలం లేదని నడుపుతున్న పైలట్ చెప్పినా, చెయ్యి ఎక్కడ తప్పిందో ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. కాబట్టి లివర్ పట్టుకునే ముందు కన్ను పోవాలి. కదిపాక, దాని ఫలితం మీటర్‌లో కనపడిందా అని మళ్లీ కన్ను పోవాలి.

మన దేశంలో జరిగిందే ఇంకొకటి. 2015 డిసెంబర్ 22న ఢిల్లీ నుంచి రాంచీకి బయలుదేరిన బీఎస్‌ఎఫ్ కింగ్ ఎయిర్. అక్కడ ఆగిపోయిన హెలికాప్టర్‌ను బాగుచేయడానికి వెళ్తున్న టెక్నీషియన్లే అందులో ఎక్కువమంది. పొగమంచు. లేచీ లేవగానే దిశ పట్టి ఉంచే హెడింగ్ మోడ్ పెట్టకుండా ఆటోపైలట్ వేశారు. విమానం ఎడమకు ఒరుగుతూ పోతుంటే సరిదిద్దలేదు. ద్వారక దగ్గర గోడను కొట్టుకుని కూలింది, పది మంది పోయారు. మెకానిక్‌ను కాబట్టి ఆ టెక్నీషియన్ల గురించి చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు నాకు తెలిసిన లోకంలోకి వస్తా. షెడ్డు.

మా డిపోలో చక్రం మార్చాక నట్లు ఒకరు బిగిస్తే, ఇంకొకరు చిన్న సుత్తితో ఒక్కో నట్టు మీద కొట్టి చప్పుడు వినేవాళ్లం. బిగిసింది ఖణేల్‌మంటుంది, వదులుది మొద్దుగా పలుకుతుంది. బిగించిన మనిషే సుత్తి పట్టకూడదని మా ఫోర్‌మన్ గారి రూలు. షిఫ్టు దిగేలోపు పని సగంలో ఉంటే ఏ నట్టు దాకా అయిందో జాబ్ కార్డులో రాసి, వచ్చినవాడికి చక్రం దగ్గర నిలబెట్టి చూపించాలి. నోటి మాటగా "అది కొంచెం చూడన్నా" అంటే కుదరదు.

1991 సెప్టెంబర్ 11న టెక్సస్‌లోనే ఈగిల్ లేక్ దగ్గర కూలిన ఎంబ్రేయర్ 120 విమానం కథ చదివితే ఫోర్‌మన్ గారే గుర్తొచ్చారు. ముందురోజు రాత్రి తోక మీది డీఐసింగ్ బూట్లు (మంచును వదిలించే రబ్బరు తొడుగులు) మార్చే పని పెట్టుకున్నారు. ఒక షిఫ్టు వాళ్లు ఎడమ వైపు పైన 47 స్క్రూలు విప్పారు. విప్పినట్టు ఎక్కడా రాయలేదు. తర్వాతి షిఫ్టు వాళ్లు కుడి వైపు పని ముగించి విమానాన్ని పంపేశారు. ఎడమ వైపు పై స్క్రూలు లేకుండానే అది పొద్దున ప్రయాణికులతో ఎగిరింది. గాలిలో ఆ అంచు ఊడిపోయింది. 14 మంది. తోక అంత ఎత్తున ఉంటుంది, కింద నిలబడి చూస్తే స్క్రూలు లేవని ఏ పైలట్‌కూ కనపడదు. అందుకే నీకు చెప్తున్నా: ప్రీఫ్లైట్‌లో చుట్టూ తిరిగి చూసొస్తే చాలదు. మరమ్మతులు రాసే టెక్ లాగ్ తెరిచి, రాత్రి ఏ పని జరిగిందో చూసి, ఏఎంఈని (విమాన మెకానిక్‌ను) పిలిచి "అన్నా, ఏ ప్యానెల్ విప్పారు, నాకు చూపించండి" అని అడుగు. మంచి మెకానిక్ దానికి నొచ్చుకోడు, సంతోషిస్తాడు. మమ్మల్ని వచ్చి అడిగే డ్రైవర్లంటే మాకు ప్రాణం.

బరువు సంగతి కూడా షెడ్డు సంగతితో కలిసే ఉంటుంది. 2003 జనవరి 8న అమెరికాలో షార్లెట్‌లో బీచ్ 1900 అనే 19 సీట్ల విమానం కూలి 21 మంది పోయారు. ముక్కును లేపి దించే తోక పలక, ఎలివేటర్, దాని కేబుల్ సరిచేసేటప్పుడు చేయాల్సిన పనిలో కొన్ని మెట్లు వదిలేశారు. ఆ పని కొత్తగా నేర్చుకుంటున్న మెకానిక్ చేశాడు, నేర్పుతున్న ఇన్‌స్పెక్టరే ఆ మెట్లు అక్కర్లేదన్నాడు. దాంతో ముక్కు దించే శక్తి తగ్గింది. ఆ పని తర్వాత కూడా విమానం కొన్నిసార్లు మామూలుగానే తిరిగింది. చివరి రోజు సీట్లన్నీ నిండాయి, వెనక సామాను ఎక్కువైంది. ముక్కు లేచింది, దిగలేదు. మనుషుల సగటు బరువు కాగితం మీద పాత లెక్కే వేస్తున్నారని అప్పుడు తేలి, అక్కడి ప్రభుత్వం ఆ లెక్కలు పెంచింది.

విమానాలు అద్దెకు నడిపే మీ చార్టర్ కంపెనీలో ఇది ఇంకా పెద్ద ఇబ్బంది. ఎలక్షన్ల కాలంలో ఎక్కేది నాయకులు, వాళ్ల మనుషులు, చివరి నిమిషంలో వచ్చి పడే పెట్టెలు. సూట్‌కేసు తూకం వేస్తామనడానికి మొహమాటం అడ్డొస్తుంది. సభకు టైమవుతోందని ఫోన్ మీద ఫోన్. మాధవరావు సింధియా 2001 సెప్టెంబర్ 30న కాన్పూర్ సభకు బయలుదేరింది కింగ్ ఎయిర్ సీ90లోనే. మబ్బుల రోజు, మైన్‌పురి దగ్గర కూలింది, ఎనిమిది మంది. మన రాజశేఖరరెడ్డి గారిది హెలికాప్టర్ గానీ, 2009 సెప్టెంబర్ 2న కృష్ణ అవతల నల్లమలలో జరిగింది దానికి దూరమైన కథ కాదు. గేర్‌బాక్స్ ఆయిల్ హెచ్చరిక వస్తే, మబ్బుల్లో పోతూ నిమిషాల తరబడి మాన్యువల్‌లో వెతుకుతూ ఉండిపోయారని రిపోర్టు చెప్పింది. ఇద్దరిలో ఒకరు పుస్తకం చూస్తే ఇంకొకరి కళ్లు మీటర్ల మీదే ఉండాలి. వాతావరణం బాగాలేనప్పుడు వీఐపీ ఎంత పెద్దవాడైనా "ఇవాళ కుదరదు సార్" అనే మాట మీ కెప్టెన్ నోటి నుంచి రాకపోతే నీ నోటి నుంచి రావాలి. ఉద్యోగం పోతే పోనీ. ఇంటి మీద తెచ్చిన అప్పు గురించి నువ్వు ఆలోచించకు, దాన్ని తీర్చే దారి నేనూ మీ అన్నా చూసుకుంటాం.

వద్దని చెప్పడానికి ఇదంతా రాయలేదు. కింగ్ ఎయిర్ మంచి విమానం, 1960ల నుంచి తయారవుతోంది, అది ఎగరని దేశం తక్కువ. నువ్వు దాన్ని నడపడం చూడాలని నాకు ఆశ.

అపాయింట్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టే ముందు వాళ్లను నాలుగు సంగతులు అడుగు. సిమ్యులేటర్‌కు ఎన్ని నెలలకోసారి పంపుతారు, అందులో టేకాఫ్‌లో ఇంజన్ ఆపి ఎన్నిసార్లు చేయిస్తారు. రెండు సీట్లలోనూ చేయిస్తారా లేక కెప్టెన్ ఒక్కరికేనా. సామాను తూకం ఎవరు వేస్తారు, ఆ కాగితం మీద ఎవరి సంతకం. రాత్రి ఆలస్యంగా దిగితే పొద్దున ఎన్ని గంటల విశ్రాంతి ఇచ్చాక మళ్లీ ఎక్కిస్తారు. సిమ్యులేటర్ ఖర్చు నువ్వే పెట్టుకోవాలంటే వెనకాడకుండా నాకు చెప్పు, పీఎఫ్ డబ్బులో కొంత బ్యాంకులో ఉంది. బుధవారం వాళ్ల ఆఫీసులోంచి బయటికి రాగానే ఫోన్ చెయ్యి, వాళ్లు ఏం చెప్పారో మాటకు మాట వినాలి.

నాయిన