ఇండోర్ ఎరువుగుంటలు, ఎమ్మేయస్ అచ్చాఫీసు

విజయవాడ,
మంగళవారం రాత్రి

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో నువ్వు ఎక్కువ మాట్లాడలేదు. "సేంద్రియంలోకి మారాక వరి ఎకరానికి ఏడు బస్తాలు తగ్గాయిరా, నాన్న మొహం చూడలేకపోతున్నాను" అన్నావు, పెట్టేశావు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మళ్ళీ చేద్దామనుకున్నాను గానీ, ఇలాంటి సంగతులు ఫోన్‌లో తెగవు. అందుకే కాగితం తీశాను. ఇంటర్ సెలవుల్లో రాసుకునేవాళ్ళం చూడు, అలా పొడుగ్గా రాస్తాను. పొలం నుంచి వచ్చాక తీరిగ్గా చదువుకో.

నీకు ఒకాయన గురించి చెప్పాలి. జెరోమ్ ఇర్వింగ్ రోడేల్ అని అమెరికా ఆయన. ఆర్గానిక్, అంటే మన సేంద్రియం, అనే మాటని అక్కడి ఇళ్ళలోకి తీసుకెళ్ళింది ఆయనే. పుట్టుకతో రైతు కాదు. నాలాగా లెక్కలు రాసే మనిషి, తర్వాత పత్రికలు వేసే మనిషి. పదిహేనేళ్ళుగా ప్రెస్సులో లెక్కలు చూస్తున్న నాకు ఆయన జీవితం చదువుతుంటే మనవాడే అనిపించింది.

1898లో న్యూయార్క్‌లో, లోయర్ ఈస్ట్ సైడ్ అనే యూదుల పేటలో పుట్టాడు. నాన్నది చిన్న కిరాణా కొట్టు. ఇంటిపేరు కోహెన్, పెద్దయ్యాక రోడేల్ అని మార్చుకున్నాడు. చిన్నప్పుడు ఎప్పుడూ ఏదో ఒక జబ్బు, జలుబు, తలనొప్పి. ఆరోగ్యం గురించి జీవితమంతా ఆయనకున్న తపనకి మొదలు అక్కడే ఉందని నా నమ్మకం. ఆదాయపన్ను శాఖలో ఆడిటర్‌గా పనిచేశాడు. 1923లో సోదరుడు జోసెఫ్‌తో కలిసి కరెంటు స్విచ్చులు, ప్లగ్గులు చేసే కంపెనీ పెట్టాడు. 1929లో షేర్ మార్కెట్ కూలి అందరూ విలవిల్లాడుతున్నప్పుడు, ఖర్చు కలిసొస్తుందని ఫ్యాక్టరీని పెన్సిల్వేనియాలో ఎమ్మేయస్ అనే చిన్న ఊరికి మార్చారు. ఆ ఊళ్ళోనే పత్రికలూ మొదలెట్టాడు. హాస్యం, విజ్ఞానం, ఆరోగ్యం, ఇలా ఒకటి మూతపడితే ఇంకోటి. మాటలంటే పిచ్చి ప్రేమ. ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో పోగేసి 1947లో లావుపాటి పదకోశమే వేశాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది.

సర్ ఆల్బర్ట్ హోవర్డ్ పేరు నీకు నేను ఇంతకుముందు చెప్పాను, గుర్తుందా? ఇంగ్లండ్ శాస్త్రవేత్త. 1905లో బీహార్‌లో పూసా వ్యవసాయ కేంద్రానికి వచ్చాడు. మనవాళ్ళకి వ్యవసాయం నేర్పడానికి వచ్చినవాడు, ఇక్కడి రైతుల దగ్గర నేర్చుకోవడం మొదలెట్టాడు. చుట్టుపక్కల పైర్లు మందుల్లేకుండానే ఎలా తట్టుకుంటున్నాయో చూశాడు. రైతులూ, పురుగులూ నా గురువులని తర్వాత తనే రాసుకున్నాడు. భార్య గాబ్రియెల్ కూడా వృక్షశాస్త్రవేత్త, పూసా గోధుమ రకాల పనిలో ఇద్దరిదీ సమాన భాగం. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పరిశోధనా కేంద్రం నడిపారు. ఎరువు చేసే ఇండోర్ పద్ధతి అక్కడిదే.

నువ్వు వేసిన దిబ్బ లాంటిదేరా అది. చెత్తా చెదారం, చొప్ప, ఆకులు ఒక వరస. దానిమీద పేడ, పశువుల మూత్రం ఇంకిన మట్టి, కాస్త కట్టెల బూడిద. మళ్ళీ చెత్త వరస. గుంట రెండడుగుల లోతే ఉండాలి, అంతకు మించితే అడుగున గాలాడదు. తడి తగ్గకూడదు, నీళ్ళు నిలవకూడదు. రెండు వారాలకి ఒకసారి, నెలకి ఒకసారి, రెండు నెలలకి ఒకసారి, మొత్తం మూడుసార్లు తిరగెయ్యాలి. మూడు నెలలకి ఎరువు సిద్ధం. పెంటదిబ్బ మన తాతలకి కొత్త కాదు. అయితే ఏది ఎంత వెయ్యాలి, ఎప్పుడు తిప్పాలి అని లెక్క కట్టి, ఎవరైనా చేసుకునేలా రాసిపెట్టింది హోవర్డ్. ఈ పని మీద 1931లో వచ్చిన పుస్తకంలో యశ్వంత్ వాడ్ అనే మన శాస్త్రవేత్త పేరు కూడా ఉంది. ఆ పేరు ఎవరూ తలుచుకోరు, అందుకే నీకు ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇంగ్లండ్ వెళ్ళాక 1940లో హోవర్డ్ తన అనుభవమంతా ఇంకో పుస్తకంగా రాశాడు. ఆ రాతలు ఎమ్మేయస్‌లో ఉన్న రోడేల్ చేతికి చిక్కాయి. నేల బాగుంటే పంట బాగుంటుంది, పంట బాగుంటే తిన్న మనిషి బాగుంటాడు. అంతే విషయం. చిన్నప్పటి నుంచీ ఒంట్లో బాగుండక సతమతమైన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఊహించు. చదివి ఊరుకోలేదు. ఊరి దగ్గర 60 ఎకరాల పైచిలుకు పొలం కొన్నాడు. సారం పోయిన నేల. కుటుంబంతో అక్కడికి మారి, దిబ్బలు వేసి, దాన్ని బాగుచెయ్యడం మొదలెట్టాడు.

1942 మేలో పత్రిక వేశాడు, 'ఆర్గానిక్ ఫార్మింగ్ అండ్ గార్డెనింగ్' అని. సేంద్రియ సాగు అన్న మాట ఆయన పుట్టించింది కాదు, అంతకు రెండేళ్ళ ముందే ఇంగ్లండ్‌లో లార్డ్ నార్త్‌బోర్న్ తన పుస్తకంలో వాడాడు. కానీ అమెరికాలో దాన్ని అట్టమీద పెద్దక్షరాల్లో వేసింది రోడేల్. హోవర్డ్‌ని కూడా సంపాదకవర్గంలో చేర్చుకున్నాడు.

బావా, ఇక్కడ జాగ్రత్తగా చదువు. మొదటి సంచికని దాదాపు 14,000 మంది రైతులకి పోస్టు చేశాడు. చందా కట్టినవాళ్ళు పది పన్నెండు మంది.

అది చదివి నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ప్రెస్సులో ఉన్నవాడికి ఆ అంకె అంటే ఏమిటో తెలుసు. కాగితం ఖర్చు, ఇంకు, బైండింగు, పోస్టేజీ, చిరునామాలు అంటించిన చేతులు. అన్నీ పోయి పది పన్నెండు చందాలు. మా దగ్గర ఒక చిన్న పత్రిక అచ్చయ్యేది, ఆరో నెలలో అమ్ముడుపోని కట్టలు వెనక్కొస్తే ఆ సంపాదకుడు వాటి పక్కన నిలబడ్డ తీరు నా కళ్ళల్లో ఇంకా ఉంది. ఏడో సంచిక రాలేదు.

రోడేల్ మానలేదు. రైతులు వినడం లేదు కాబట్టి ముందు వినేవాళ్ళ దగ్గరికి వెళ్దామనుకున్నాడు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం, కూరగాయలు ఇళ్ళ దగ్గరే పండించుకోమని ప్రభుత్వం చెబుతోంది, దేశమంతా పెరటి తోటలు. పత్రిక పేరు 'ఆర్గానిక్ గార్డెనింగ్' అని మార్చి పెరటి తోటల వాళ్ళకి రాయడం మొదలెట్టాడు. నాలుగు మడులున్న ఇల్లాలికి కూడా దిబ్బ ఎలా వెయ్యాలో, ఆకులు కాల్చకుండా ఏం చెయ్యాలో, వానపాములు ఎందుకు ఉండాలో నెలనెలా చెప్పాడు. చదివినవాళ్ళు తమ అనుభవాలు రాసి పంపేవాళ్ళు, అవీ వేసేవాడు. పత్రిక చాలా ఏళ్ళు నష్టంలోనే నడిచింది. ఆ గుంటని పూడ్చింది స్విచ్చుల ఫ్యాక్టరీ లాభం. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసే ఆ లెక్క నాకు బాగా అర్థమవుతుంది. నచ్చిన పనిని నిలబెట్టడానికి ఇంకో పని చెయ్యడంలో తప్పేమీ లేదు. నువ్వు ట్యూషన్లు చెబుతున్నావని చిన్నతనంగా అనుకోకు.

అప్పట్లో శాస్త్రవేత్తలు, ఎరువుల కంపెనీలు ఆయన్ని కొట్టిపారేశాయి, పెంటదిబ్బల భక్తుడన్నట్టు మాట్లాడాయి. 1962లో డీడీటీ లాంటి పురుగుమందులు చేస్తున్న చేటు గురించి రేచల్ కార్సన్ పుస్తకం వచ్చాక జనం అటు చూడటం మొదలెట్టారు. 1970 నాటికి పత్రిక లక్షల్లో అమ్ముడుపోయేది.

ఆయన చెప్పినవన్నీ నిజమని నేను అనను. 1950లో 'ప్రివెన్షన్' అని ఆరోగ్య పత్రిక పెట్టాడు. అందులో నేల గురించి మాట్లాడినంత నమ్మకంగా ఒంటి గురించీ మాట్లాడాడు. గోధుమలు మంచివి కావన్నాడు, రోజూ గుప్పెళ్ళకొద్దీ మాత్రలు మింగేవాడు. ఆరోగ్యం మీద ఆయన వేసిన పుస్తకం ప్రకటనల మీద, వ్యాపారాల్లో మోసాలు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే ఏళ్ళ తరబడి పోరాడాడు. అచ్చువేసే హక్కు కోసం పోరాడటం నాకు నచ్చింది, కానీ రుజువు లేని వైద్యం జనానికి చెప్పడం తప్పే. మట్టి విషయంలో ఆయన చేతులు మురికి చేసుకుని చూశాడు, జబ్బుల విషయంలో అలా చూడలేదు.

చివరి రోజు సంగతి రాయాలంటే మనసు ఎలాగో ఉంది. 1971 జూన్ మొదటి వారం. న్యూయార్క్ టైమ్స్ ఆదివారం పత్రికలో ఆయన మీద పెద్ద ముఖచిత్ర కథనం వచ్చింది. ముప్పయ్యేళ్ళ తర్వాత దేశం ఆయన మాట విన్నట్టే. వెంటనే డిక్ కావెట్ టీవీ షోకి పిలిచారు. నూరేళ్ళు బతుకుతానని అక్కడ ఉత్సాహంగా చెప్పాడు. తన వంతు అయ్యాక పక్క సీట్లోకి జరిగాడు, ఇంకొకరితో సంభాషణ నడుస్తుండగా ఆ కుర్చీలోనే గుండె ఆగిపోయింది. 72 ఏళ్ళు. ఆ రికార్డింగు టీవీలో రాలేదు. లోకం దీన్ని వింతగా చెప్పుకుంటుంది. నాకు మాత్రం ఆయన ఆ ఆదివారం పత్రిక చేతిలో పట్టుకుని చదువుకుని ఉంటాడు కదా అన్నదే గుర్తుంటుంది.

ఆయన కొడుకు రాబర్ట్ చేసిన పని నీకు ఇంకా ముఖ్యం. నాన్న పోయాక కుట్జ్‌టౌన్ దగ్గర 333 ఎకరాల పొలం తీసుకున్నాడు. నమ్మకం ఒక్కటే చాలదు, పక్కపక్కనే పండించి అంకెల్లో చూపించాలనుకున్నాడు. 1981లో మొక్కజొన్న, సోయా మీద ప్రయోగం మొదలెట్టారు. ఒక మడి రసాయనాలతో, ఒక మడి పశువుల ఎరువుతో, ఒక మడి పచ్చిరొట్టతో. ఆ ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. రాబర్ట్ 1990లో రష్యాలో రైతులకి పత్రిక పెట్టే పనిమీద వెళ్ళి మాస్కోలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆయన పోయినా పొలం ఆగలేదు.

ఆ పొలంలో మొదటి కొన్నేళ్ళు ఏమైందో తెలుసా? సేంద్రియ మడుల్లో దిగుబడి తగ్గింది. నీకు తగ్గినట్టే. నేలలో సూక్ష్మజీవులు కుదురుకోవాలి, యూరియాకి అలవాటుపడ్డ మట్టి మళ్ళీ తనంతట తాను పోషకాలు అందించడం నేర్చుకోవాలి. ఆ తర్వాతే రెండు రకాల మడులూ సమానంగా వచ్చాయి. వానలు లేని ఏళ్ళలో సేంద్రియ మొక్కజొన్నే ఎక్కువ పండింది, మట్టి నీళ్ళని పట్టి ఉంచింది కాబట్టి. అది పెన్సిల్వేనియా, మనది కృష్ణా కాలువ కింద వరి. అక్కడి అంకెలు ఇక్కడ అలాగే వస్తాయని నీకు మాట ఇవ్వలేను. కానీ నీ ఏడు బస్తాలు నీ చేతకానితనం వల్ల పోలేదురా. అది నేల తీసుకునే గడువు. మీ నాన్నగారికి ఈ ముక్క చదివి వినిపించు.

ఒక సలహా కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకు. మూడెకరాలూ ఒకేసారి మార్చావు. వచ్చే సారి ఎకరం సేంద్రియానికి ఉంచి, మిగతా రెండు నెమ్మదిగా మార్చు. రెండు చోట్లా పెట్టుబడి, దిగుబడి విడివిడిగా రాయి. ఖాతా పుస్తకం నేను గీసి తెస్తాను. మన గుంటూరు వైపే 'రైతునేస్తం' పత్రిక నడిపే యడ్లపల్లి వెంకటేశ్వరరావు గారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు చూడు, ఆ పత్రిక పాత సంచికలు కొన్ని పోగేశాను, అవీ తెస్తాను. ఇలాంటి పని చేస్తున్నవాళ్ళ మాటలు అందులో దొరుకుతాయి.

అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి ఫలితాలు వచ్చాయా? రాయి.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి వస్తున్నాను. దిబ్బ మూడోసారి తిప్పాల్సింది ఈ వారమేనని లెక్క వేసుకున్నాను. ఒక్కడివే మొదలెట్టకు, రెండో పార మీ పిన్ని వాళ్ళ దగ్గర అడిగి ఉంచు. శనివారం సాయంత్రం గునపం దిబ్బ మధ్యలోకి దింపి వదిలెయ్. పొద్దున తీసి పట్టుకుంటే లోపల ఇంకా వేడి ఉందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
బావ