సీరియల్ వేళా, నిద్ర వేళా ఒకటే అయినప్పుడు

తల్లిదండ్రులకు నమస్కారం.

జూన్ 12న బడి తెరిచాక తొలి రెండు వారాలు చిన్న తరగతుల మొదటి పీరియడ్‌లో ఆవలింతలే ఎక్కువ. సెలవుల్లో రాత్రి పదకొండు దాకా టీవీ ముందు కూర్చున్న అలవాటు గంట కొట్టగానే పోదు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పొద్దున ఆరున్నరకు లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్రపోవాలి, అదీ కనీస లెక్క. సీరియళ్లు జోరుగా సాగేది కూడా అప్పుడే. "వాడు చూడట్లేదండీ, పక్కన పడుకున్నాడు" అంటుంటారు. చూడకపోయినా ఆ మాటలూ, గోడ మీద మారుతుండే వెలుగూ కునుకు పట్టనివ్వవు.

అలాగని ఇవాళ్టికివాళ తొమ్మిదిన్నరకే పడుకోబెడితే పిల్లవాడు పదకొండు దాకా పక్క మీద దొర్లుతాడు. రోజుకు పావుగంట చొప్పున ముందుకు జరపండి, ఆరు రోజుల్లో గంటన్నర కలిసొస్తుంది. లేపే వేళ మాత్రం మొదటి రోజు నుంచీ ఆరున్నరే, ఆదివారం సహా. పడుకునే వేళకు గంట ముందు టీవీ కట్టేయాలి. ఇల్లంతా ఒకే గది అయితే పెద్దవాళ్ల సీరియల్ మర్నాటి పునఃప్రసారానికి వాయిదా వేసుకోవాల్సిందే. నానమ్మగారిని ఒప్పించడం మనవణ్ణి ఒప్పించడం కన్నా కష్టమని మాకూ తెలుసు.

ఇక అన్నం సంగతి. టీవీ పెడితే పిల్ల నోరు తెరుస్తుంది, ముద్ద లోపలికి పోతుంది, గిన్నె ఖాళీ అవుతుంది. కానీ కళ్లు బొమ్మల మీద ఉంటే కడుపు నిండిన సంగతి తెలీదు. కొందరు అవసరానికి మించి తింటారు, కొందరు ముద్ద బుగ్గన పెట్టుకుని ముప్పావుగంట కూర్చుంటారు. మాన్పించేటప్పుడు తొలి రెండు మూడు రోజులు తక్కువ తినడం మామూలే. ఇరవై నిమిషాలు చూసి కంచం తీసేయండి, వెంటపడి తినిపించొద్దు. చాలామంది పొరపాటు ఆ తర్వాతే: "ఏమీ తినలేదు పాపం" అని అరగంటకే బిస్కెట్ ప్యాకెట్ విప్పుతారు. దాంతో మళ్లీ మొదటికే.

రెండేళ్లలోపు వారికి టీవీ, ఫోన్ అసలే వద్దని, 2–5 ఏళ్ల వారికి గంట మించొద్దని, 5–10 ఏళ్ల వారికి రెండు గంటల లోపే ఉండాలని భారత శిశువైద్యుల సంఘం చెబుతోంది. లెక్కలో రానిది ఇంకొకటుంది: ఎవరూ చూడకుండా పొద్దస్తమానం మోగే టీవీ. అది మోగుతుంటే పసివాళ్లు ఒక ఆట మీద నిలవరు, పెద్దలు వాళ్లతో ఆడే మాటలూ తగ్గిపోతాయి.

ఏం చూస్తున్నారన్నదీ ముఖ్యమే. 2011లో అమెరికాలో నాలుగేళ్ల పిల్లలు 60 మందిని పరీక్షించారు. కొందరికి సగటున 11 సెకన్లకో దృశ్యం మారే కార్టూన్, కొందరికి నిదానంగా సాగే కార్టూన్ చూపారు, మిగతావాళ్లతో బొమ్మలు గీయించారు. అంతా కలిపి 9 నిమిషాలే. వెంటనే ఇచ్చిన పనుల్లో వేగం కార్టూన్ చూసినవాళ్లు ఓపికలోనూ, ఆలోచనలోనూ వెనకబడ్డారు. ఆ ప్రభావం ఎంతసేపు ఉంటుందో ఆ పరీక్ష చెప్పదు. అయినా హోంవర్క్‌కు ముందు కార్టూన్ వద్దనడానికి అది చాలు.

కట్టేసేటప్పుడు సగంలో లాక్కోకండి. "ఈ ఎపిసోడ్ అయ్యాక నువ్వే కట్టేయాలి" అని ముందే చెప్పి రిమోట్ చేతికివ్వండి. స్మార్ట్ టీవీ యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపకపోతే ఈ మాట పనిచేయదు, ఒకటి అవగానే ఇంకొకటి మొదలవుతుంది.

పిల్లలు టీవీకి మరీ దగ్గరగా జరుగుతుంటే తిట్టేముందు కంటి పరీక్ష చేయించండి. దూరం ఆనకపోవడం వల్ల జరుగుతూ ఉండొచ్చు. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి వారిని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మూడేళ్లలో అక్కడ 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరం ఆనకపోవడం) వస్తే, మామూలు బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. సాయంత్రం ఇంటికి రాగానే ముందు వీధిలోకి, టీవీ ఆ తర్వాతే. బోర్డు కనబడటం లేదని పిల్లలు అంటే డైరీలో రాసి పంపండి, ముందు వరసలో కూర్చోబెడతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు