సందు పూడ్చకుండానే ‘లోపాలు లేవు’ అంటున్న మీ మరమ్మతు మాడ్యూల్‌పై ఫిర్యాదు

జీడిమెట్ల, హైదరాబాద్

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీసే) సాఫ్ట్‌వేర్‌లోని సర్ఫేస్ మరమ్మతు మాడ్యూల్ తప్పుడు నివేదిక ఇవ్వడం, దానివల్ల మాకు కలిగిన నష్టం గురించి.

అయ్యా,

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ వస్తువులకు మోల్డులు తయారుచేసే చిన్న టూల్ రూమ్ మాది. కస్టమర్లు పంపే ఫైళ్లలో సర్ఫేస్‌ల (వస్తువు ఉపరితలాన్ని కూర్చే ముక్కల) మధ్య సందులను సరిచేసుకోవడానికి మీ మరమ్మతు మాడ్యూల్‌ను అదనపు ధర చెల్లించి కొన్నాం. ఆ మాడ్యూల్ సందులను ఉన్నవి ఉన్నట్టే వదిలేసి, పూడ్చేసినట్టు నివేదిక ఇస్తోంది.

మిక్సీ బాడీ మోల్డు కోసం ఒక కస్టమర్ స్టెప్ ఫైలు (ఒక క్యాడ్ సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మోడల్‌ను పంపే ఫైలు) పంపారు. పిడి మొదలయ్యే చోట మూడు వంపులు కలిసే మూల ఉంది. మా దగ్గర ఫైలు తెరిచేసరికి అక్కడ అంచులు విడిపోయి ఉన్నాయి, మోడల్ సాలిడ్ (సందుల్లేకుండా మూసుకున్న ఘనం) కాలేదు. టాలరెన్స్‌ను, అంటే అంచుల మధ్య ఒప్పుకునే గరిష్ఠ దూరాన్ని, 0.01 మిల్లీమీటరుగా పెట్టి మీ ఆటోమేటిక్ మరమ్మతు నడిపాం. ఎర్రగా ఉన్న అంచులన్నీ ఆకుపచ్చగా మారాయి. ‘లోపాలు లేవు’ అని తెర మీద వచ్చింది. ఆ మాట నమ్మి కోర్, క్యావిటీ (వస్తువు లోపలి, బయటి రూపాలనిచ్చే మోల్డు భాగాలు) విడదీసి, టూల్ పాత్ (కోత పరికరం నడిచే దారి) తీసి, స్టీలును మెషీన్ ఎక్కించాం.

మొదట పసిగట్టింది మా పాలిష్ పనివాడు. స్టీలు మీద పడిన ట్యూబ్ లైటు ప్రతిబింబం ఆ మూల దగ్గరకు రాగానే తెగి పక్కకు జరిగింది. గోరుతో గీస్తే మెట్టు తగులుతోంది. వెంటనే మోడల్ తెరిచి, మీ సాఫ్ట్‌వేర్‌లోని కొలతల ఆదేశంతోనే ఆ రెండు అంచుల మధ్య దూరం చూశాం. 0.06 మిల్లీమీటరు! మేం పెట్టిన హద్దుకు ఆరు రెట్లు. మరమ్మతు పూర్తయిందన్న ఆ మోడల్‌నే మళ్లీ స్టెప్ ఫైలుగా మార్చి వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, అవే అంచులు అక్కడా విడివిడిగా కనిపించాయి.

మాకు అర్థమైనంతవరకు మీ మాడ్యూల్ సర్ఫేస్‌లను అంగుళం కూడా కదపలేదు. ఆ అంచుల వరకు టాలరెన్స్‌ను గుట్టుగా పెంచుకుని, ఇప్పుడు అన్నీ కలిసినట్టేనని లెక్క తేల్చింది. గోడ పగిలితే పైన సున్నం కొట్టి పోయినట్టుంది ఈ పని. అంచుకు టాలరెన్స్ పెంచడమే నేరమని నేను అనడం లేదు, చాలా సాఫ్ట్‌వేర్లు ఆ పని చేస్తాయి. ఎక్కడ పెంచారో, ఎంత పెంచారో వాడేవాడికి చెప్పాలి కదా?

అదే మూలలో ఇంకో లోపం కూడా ఉంది. చిన్న ఖాళీని పూరించే ప్యాచ్‌కు మీ మెనూలో జీ2 అనే నునుపు స్థాయిని ఎంచుకున్నాం. జీ0లో అంచులు తాకితే చాలు, జీ1లో వాలు కలవాలి, జీ2లో వంపు కూడా కలవాలి. తీరా నునుపును పరీక్షించే జీబ్రా చారలు మోడల్ మీద వేసి చూస్తే అంచు దగ్గర చారలు తెగిపోయి పక్కకు జరిగాయి. జీ1 ఉన్నా చారలు కలిసి అక్కడ మడత పడేవి. మెనూలో మాత్రం ఇప్పటికీ జీ2 అనే ఉంది.

మీ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే వచ్చిన జవాబు: “ఫైలే బాగా లేదండీ, మీ కస్టమర్‌ను మంచి ఫైలు అడగండి.” ఈ మాటే నన్ను ఎక్కువ బాధించింది. సందులు ఎవరి తప్పు వల్లనో రావు. రెండు వంపు సర్ఫేస్‌లు ఖండించుకునే గీతను కచ్చితంగా రాయడం దాదాపు అసాధ్యం. మామూలు బైక్యూబిక్ ప్యాచ్‌లు (రెండు దిశల్లోనూ మూడో డిగ్రీతో గీసే సర్ఫేస్‌లు) రెండు తీసుకున్నా ఆ గీత డిగ్రీ, అంటే అది ఎంత జటిలమో చెప్పే అంకె, 324 దాకా వెళ్తుంది. అందుకే ప్రతి సాఫ్ట్‌వేరూ తన టాలరెన్స్ మేరకు ఉజ్జాయింపు గీతనే దాచుకుంటుంది. వదులు టాలరెన్స్‌తో గీసిన మోడల్ బిగువు టాలరెన్స్ ఉన్న చోటికి వస్తే అంచులు విడిపోక తప్పదు. ఫైళ్లన్నీ నున్నగా వచ్చేవైతే మీ మాడ్యూల్ మాకెందుకు?

చివరికి మా డిజైనరే ఆ మూలను చేత్తో సరిచేశారు. ఆయన బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదువుకున్నారు. ముందుగా సన్నటి పీలికల్లాంటి సర్ఫేస్‌లను తీసేశారు. పక్కనున్న రెండు పెద్ద సర్ఫేస్‌ల ట్రిమ్ (కత్తిరింపు) విప్పి, వాటిని కాస్త పొడిగించి, మళ్లీ ఖండింపజేసి కొత్త అంచు రాబట్టారు. అప్పటికీ మిగిలిన ఖాళీకి నాలుగు వైపుల వంపు కలిసేలా ప్యాచ్ కట్టి, ఆ తర్వాతే అంచులన్నీ కలిపి కుట్టారు. 0.01 మీద ఏ అడ్డూ లేకుండా సాలిడ్ అయింది. ఫైలు బాగు చేయలేనిది కాదని దీనితో తేలిపోయింది. కోసేసిన స్టీలును మాత్రం కంప్యూటర్‌లో సరిచేయలేం. పార్టింగ్ ఫేసు (మోల్డు రెండు భాగాలు కలిసే ముఖం) దించి, క్యావిటీని మళ్లీ మిల్లింగ్ చేయించాం. ఆ ఖర్చూ, డెలివరీ ఆలస్యమైనందుకు కస్టమర్ చేత పడ్డ మాటలూ మావే.

మరమ్మతు నివేదికలో ప్రతి అంచుకూ మిగిలిన అసలు సందు ఎంతో అంకెల్లో చూపించాలి. ఇచ్చిన టాలరెన్స్ దాటితే ఆ అంచును ఆకుపచ్చగా చూపకూడదు. ఈ మార్పు ఏ వెర్షన్‌లో వస్తుందో రాతపూర్వకంగా తెలపండి. ఇదే మాడ్యూల్‌తో సరిచేసిన పాత మోడళ్లు మా దగ్గర ఇంకా ఉన్నాయి. వాటిలో ఇలాంటి అంచులను వెతికి పట్టుకునే పద్ధతిని మీ ఇంజనీరు వచ్చి మా వాళ్లకు చూపించాలి. మాడ్యూల్‌కు ఈ ఏడాది కట్టిన రుసుమును వాపసు చేయాలి. ఇవి తేలేవరకు వార్షిక నిర్వహణ ఒప్పందాన్ని పునరుద్ధరించను. దాని కోసం మీ సేల్స్ విభాగం వారు ఫోన్లు చేయనక్కర్లేదు.

మరమ్మతుకు ముందూ తర్వాతా ఉన్న ఫైళ్లు, కొలత చూపే తెర చిత్రాలు, రీమిల్లింగ్ బిల్లు జతచేస్తున్నాను. కస్టమర్ అనుమతితో ఆ మూల వరకే కత్తిరించి పంపుతున్నాను కాబట్టి ఫైలు చిన్నదే. జవాబు రాసేవారు ముందు దాన్ని తెరిచి, పిడి దగ్గరి అంచును స్వయంగా కొలిచి చూడాలని మనవి.

ఇట్లు,
టూల్ రూమ్ యజమాని,
జీడిమెట్ల, హైదరాబాద్