ఎత్తు పెంచిన పికప్‌లు, పక్క మెట్లు

సంపాదకులకు,

అయ్యా,

విజయనగరం పరిసరాల్లో పికప్ వాహనాలకు బాడీ లిఫ్ట్ కిట్లు (బాడీని ఎత్తుకు లేపే సామగ్రి) బిగించుకునే సరదా పెరుగుతోంది. ఛాసిస్‌కూ (బండి అడుగు చట్రానికీ) క్యాబిన్‌కూ మధ్య దిమ్మెలు పెట్టి పొడవాటి బోల్టులు వేస్తే పని అయిపోయిందనుకుంటున్నారు గానీ, క్యాబిన్ లేచాక స్టీరింగ్ షాఫ్టు, రేడియేటర్ గొట్టాలు, ఎర్త్ వైరు ఎంత బిగుసుకున్నాయో వంగి చూసేవారు తక్కువ. పైగా లేచేది బాడీ ఒక్కటే. వెనుక ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ (చక్రాలను తిప్పే గేర్ల పెట్టె) నేలకు ఎంత ఎత్తులో ఉండేదో అంతే ఉంటుంది కనుక గతుకుల దారిలో కలిగే మేలేమీ లేదు. బరువు పైకి జరిగిన ఆ బండి శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ మలుపుల్లో సరుకుతో తిరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పక్క మెట్ల మాట వేరు. చీర కట్టుకున్న ఆడవారికి, పెద్దవారికి అవి అవసరమే. అయితే వాటిని గట్టి బ్రాకెట్లతో ఛాసిస్‌కే బిగించాలి తప్ప, తలుపు కింది పలుచని రేకుకు రంధ్రాలు పొడిచి తగిలించరాదు. ఆ రంధ్రాల దగ్గరే తుప్పు మొదలవుతుంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. ఫిట్‌నెస్ పరీక్షలో అధికారులు బండి కిందికి కూడా చూడాలని, ఈ నిబంధనను ఈ మార్పులు చేసే షెడ్ల యజమానులకు ముందే తెలియజేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విజయనగరం