దాచిన డబ్బు తిరిగొస్తుందా?

అందరికీ నమస్కారం. విదేశాల్లో దాచిన అవినీతి సొమ్ము ఎప్పుడైనా వెనక్కి వచ్చిందా అని నిన్న గ్రూప్‌లో ఒకరు అడిగారు. వచ్చిందండీ, కాకపోతే ఏళ్లు పట్టింది.

నైజీరియా సంగతే చూడండి. 1993 నుంచి 1998లో చనిపోయేదాకా ఆ దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు సాని అబాచా. ఆయన కుటుంబం స్విట్జర్లాండ్, లక్సెంబర్గ్ లాంటి చోట్ల కోట్ల డాలర్లు దాచింది. నైజీరియా కోరితే స్విస్ అధికారులు 1999లో ఆ ఖాతాలను స్తంభింపజేశారు. తర్వాత విడతలవారీగా సుమారు 70 కోట్ల డాలర్లు తిరిగిచ్చారు. మరో 32 కోట్లు ఇచ్చేటప్పుడు మాత్రం షరతు పెట్టారు: ప్రపంచ బ్యాంకు పర్యవేక్షణలో అది పేద కుటుంబాలకు నగదు సాయంగా చేరాలి. నాకైతే అసలు విషయం ఇదే అనిపించింది. తిరిగొచ్చిన సొమ్మును మళ్లీ మింగేవాళ్లకు ఎక్కడా కొదవ లేదు కదా!

2003 నాటి ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందంలో, దోచిన ఆస్తులు తిరిగివ్వడం ఒక మూల సూత్రం. మన దేశం 2011లో దాన్ని ఆమోదించింది. విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని నేరం చేయమనీ ఆ ఒప్పందం చెబుతుంది. అందుకోసం మన దగ్గర పెట్టిన బిల్లు 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది.

దేశంలోపల ఇచ్చే లంచాల సంగతి వేరు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్లదీ నేరమే. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. తెలంగాణలో ఏసీబీ నంబరు 1064, ఫోన్‌లో సేవ్ చేసుకోండి.